నీళ్ళ ట్యాంకరు తిరిగి రాలేదు

ఫర్వానియాలో మాకు రెండు గదుల ఫ్లాటు ఉండేది. శుక్రవారం వస్తే అది మాది కాదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కువైట్‌లోనే పనిచేస్తూ ఒక కప్పు కింద ఉండే వీలు లేనివాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. భర్త కంపెనీ క్యాంపులో పదిమందితో కలిసి ఒక గదిలో పడుకుంటాడు. భార్య ఎక్కడో అరబ్బుల ఇంట్లో, వంటింటి పక్కనున్న చిన్న గదిలో ఉంటుంది. సెలవు దొరికిన శుక్రవారం వాళ్ళు కలుసుకోవాలంటే ఎవరిదో ఒక కుటుంబం ఇల్లు కావాలి. మా ఇంటికి అలా వచ్చేవాళ్ళు రాయచోటి అక్క, అన్న.

అన్న మా ఆయన కంపెనీలోనే డ్రైవరు. అక్క సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలు, పనివాళ్ళ పిలుపులో మామా, మంచిదే. రెండు వారాలకోసారి పొద్దున పంపించి చీకటి పడేలోగా రమ్మనేది. వాళ్ళు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే ముస్లింలు. పిల్లలు ముగ్గురూ రాయచోటిలో అక్క చెల్లెలి దగ్గర ఉండేవాళ్ళు. మాది కడప పక్కన కాబట్టి మొదటిరోజే చుట్టరికం కలిసిపోయింది. భోజనాలయ్యాక నేనూ మా ఆయనా పాపను ఎత్తుకుని సముద్రం చూపించి వస్తామని బయటికి వెళ్ళేవాళ్ళం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏడాదిన్నర పిల్లకు సముద్రం ఎందుకని ఎవరూ అడగలేదు. తిరిగి వచ్చేసరికి అక్క గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉండేది, అన్న తలుపు దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉండేవాడు.

పాప పడుకున్నాక తప్ప నాకు ఇంటికి ఉత్తరం రాయడానికి కుదిరేది కాదు. రాస్తూ రాస్తూ మధ్యలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చేదాన్ని. ఇది నాకు ముందునుంచీ ఉన్న జబ్బే. గ్యాసు కట్టేశానా లేదా అని మెట్లు దిగినదాన్ని మళ్ళీ ఎక్కేదాన్ని. ఉత్తరాన ఇరాన్, ఇరాక్ యుద్ధం ఆగకుండా నడుస్తుండేది. గాలికి కిటికీ అద్దం అదిరినా నేను పాపను గోడవారకు జరిపేదాన్ని. కాబట్టి ఎనభైల మధ్యలో ఒకరోజు మా ఆయన ఇంటికొచ్చి, కంపెనీకి సూడాన్ దక్షిణాన రోడ్డు పని వచ్చిందనీ, యంత్రాలు చూసుకోవడానికి తనను పంపిస్తున్నారనీ చెప్పినప్పుడు నేను ఏమంటానో ఆయనకు ముందే తెలుసు. ఆయన డీజిల్ ఇంజన్ల డిప్లొమా చదివాడు. వద్దంటే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్తది వేయరు. ఇఖామా ఆయనది పోతే నాదీ పాపదీ పోతాయి. అన్నను కూడా నీళ్ళ ట్యాంకరు తోలడానికి తీసుకుంటున్నారని చెప్పాడు. తోడుంటాడు కదా అని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

నేను బి.ఏ.లో రాజకీయశాస్త్రం చదివాను. అది చదవకపోయుంటే కొంచెం నిద్రపోయేదాన్నేమో. వాళ్ళు వెళ్ళినప్పటినుంచి ఇంగ్లీషు పేపర్లో ఆ దేశం పేరున్న ప్రతి ముక్కా చదివేదాన్ని. దక్షిణాన తిరుగుబాటు మొదలైంది. ఉత్తరాన ఉన్న ప్రభుత్వానికి ఒక అగ్రరాజ్యం విమానాలూ తుపాకులూ ఇస్తోంది. తూర్పున సరిహద్దు దాటితే ఉన్న దేశం తిరుగుబాటుదార్లకు చోటిచ్చింది, ఆ దేశానికి ఇంకో అగ్రరాజ్యం ఆయుధాలిస్తోంది, దాని తరఫున ఎక్కడో సముద్రాల అవతలి దేశం సైనికులు వచ్చి కూర్చున్నారు. పేపర్లో వీళ్ళెవరినీ సైనికులు అని రాసేవాళ్ళు కాదు. సలహాదారులు అని రాసేవాళ్ళు. ఖర్తూం విమానాశ్రయంలో టీ తాగుతుంటే పక్క బల్ల మీద నిక్కర్లేసుకున్న తెల్లవాళ్ళు కూర్చుని ఉన్నారనీ, భుజాల మీద ఏ గుర్తూ లేదు గానీ బూట్లు మాత్రం సైన్యంవేననీ మా ఆయన తర్వాత చెప్పాడు. వాళ్ళు ఎవరికి ఏం సలహా ఇస్తారని అడిగాను. ఆయనకూ తెలియదు. దేశంలో పనిచేస్తున్న పరాయివాళ్ళంతా ప్రభుత్వానికి సాయం చేస్తున్నట్టే లెక్క, వెంటనే వెళ్ళిపోవాలి అని తిరుగుబాటుదార్లు హెచ్చరించారని ఒకరోజు పేపర్లో చదివాను. పరాయివాళ్ళంటే ఆ విమానాలవాళ్ళే అనుకుని తిప్పేశాను. కాసేపటికి మళ్ళీ ఆ పేజీకే వచ్చాను. మా ఆయన చేతిలో ఉన్నది స్పానరే కావచ్చు, వాళ్ళ లెక్కలో ఆయనా పరాయివాడే.

కంపెనీ యార్డు అర్దియాలో ఉండేది. ఆ యార్డులో ఒక రేకుల గది, గదిలో ఒక పెద్ద వైర్‌లెస్ సెట్టు. స్పేర్ పార్టుల కోసం రోజూ సాయంత్రం సూడాన్ క్యాంపుతో మాట్లాడేవాళ్ళు. గురువారం ఆ మాటలు అయిపోయాక ఇంటివాళ్ళకు కొన్ని నిమిషాలు ఇచ్చేవాళ్ళు. సెట్టు చూసుకునేది ఒక గోవా పెద్దాయన. ఆయన పెట్టిన నియమం ఒకటే, ఇంగ్లీషులో మాట్లాడాలి. అక్కడి సైన్యం వింటుందట. అర్థంకాని భాష వినబడితే ఏదో రహస్యం అనుకుని క్యాంపు మీదికి వస్తారట.

మా ఆయనా నేనూ అంతకుముందు ఎప్పుడూ ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకోలేదు. నేను బాగున్నాను, మీరెలా ఉన్నారు, పాపకు ఇంకో రెండు పళ్ళు వచ్చాయి, చివర్న ఇక మీ వంతు అనడానికి ఓవర్, అని వాచకంలో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడేదాన్ని. ఆయన గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉండేది. ఒక గురువారం మామా ఏదో పెళ్ళికి వెళ్తూ అక్కకు సెలవిచ్చింది. అక్కను కూడా తీసుకెళ్ళాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, అన్నకూ రాదు. అటు అన్న మా ఆయన పక్కన నిలబడ్డాడు, ఇటు అక్క నా పక్కన నిలబడింది.

"దగ్గు తగ్గిందా అని అడుగు మే," అంది నా చెవిలో.

నేను అడిగాను. అవతల ఏదో గుసగుస వినిపించింది, మా ఆయన తగ్గిందని చెప్పాడు.

"అబద్దం. రాత్రిపూట దగ్గుతాడా లేదా అని అడుగు. తమ్ముడు ఒక గదిలోనే గదా పండుకునేది, ఆయప్పను చెప్పమను."

రాత్రిపూట కొంచెం దగ్గుతాడు, ఓవర్, అన్నాడు మా ఆయన. అవతల అన్న నవ్వు వినిపించింది. గోవా పెద్దాయన చేయెత్తి ఇక చాలు అన్నాడు. ఆరోజు బస్సులో అక్క దారంతా నవ్వుతూనే ఉంది. మొగుణ్ణి పక్కింటి మొగుడి నోటితో పలకరించుకునే రోజు వచ్చింది చూడు మే అంటూ.

కొన్ని నెలలు అలా గడిచాయి. తర్వాత ఒక గురువారం నేను గదిలోకి అడుగుపెట్టగానే గోవా పెద్దాయన కుర్చీ చూపించాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. మా ఆయనకే ఏదో అయిందనుకున్నాను. కానీ సెట్టులో మా ఆయన గొంతే వచ్చింది. నేను క్షేమం, ఓవర్ అన్నాడు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో ఇంగ్లీషు మాటా ఏరుకుంటూ చెప్పాడు. నీళ్ళ ట్యాంకరు తిరిగి రాలేదు. దానితోపాటు జీపులో వెళ్ళిన ఇద్దరు యూరపు సర్వేయర్లు కూడా రాలేదు. బండి దొరికింది, మనవాళ్ళు లేరు. తిరుగుబాటుదార్లు పట్టుకుపోయారని అనుకుంటున్నారు. ఆమెకు ఇప్పుడే చెప్పొద్దు, ఓవర్.

తెలుగులో అయితే ఏడ్చేదాన్ని. సరే, ఓవర్ అన్నాను.

ఆ మర్నాడే అక్క వచ్చే శుక్రవారం. చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఇంకా ఏమీ తేలలేదు కదా, వారం ఆగితే మంచి కబురే రావచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొద్దున లేచి కోడికూర వండాను. సంగటి కెలికాను. ఊరినుంచి తెచ్చుకున్న రాగిపిండి డబ్బా అడుగుకు చేరింది, అదంతా దులిపి వేసేశాను. ఎందుకు చేస్తున్నానో ఆలోచించలేదు. అక్క తలుపు తట్టి, బురఖా లాంటి నల్ల అబాయాతో లోపలికి రాగానే కింద చాప పరిచి కంచం పెట్టాను. సంగటి ముద్ద, కూర, పక్కన ఉల్లిగడ్డ.

ఆమె కూర్చోలేదు. కంచం వైపు చూసింది, నావైపు చూసింది.

"ఏంది మే ఇది?"

"తిను అక్కా, చల్లారిపోతుంది."

"పాప జావకని దాచిపెట్టుకుంటివి గదా ఆ పిండి."

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి కంచం పక్కన పెట్టాను.

"నేను అబాయా గూడ తీయలా. కాళ్ళు కడుక్కోలా. నువ్వు కంచం పెట్టేసినావు." గొంతు పెద్దది చేయకుండానే అడిగింది. "మీ అన్నకు ఏమైంది?"

అప్పుడు గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. మా వైపు చావు కబురు చెప్పాల్సినవాళ్ళు ముందు అన్నం పెడతారు. చెప్పిన తర్వాత ఆ మనిషి మళ్ళీ ఎప్పుడు తింటుందో తెలియదు, పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో తెలియదు. తిరుపతిలో హాస్టల్లో ఉన్నప్పుడు మా మేనమామ వచ్చి నన్ను హోటలుకు తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తినిపించి, నేను నీళ్ళు తాగిందాకా ఆగి, అప్పుడు చెప్పాడు మా నాన్న లేడని. దాచాలనుకున్న నోరు దాచింది గానీ చేతులు వాటి పని అవి చేసేశాయి. ఈ సంగతి కువైట్‌లో ఇంకెవరికైనా కంచం పెట్టుంటే వాళ్ళకు తెలిసేది కాదు. రాయచోటి మనిషికి తెలియకుండా ఉంటుందా?

ఉన్నదంతా చెప్పాను. బండి దొరికిందనీ, మనుషుల్ని తీసుకుపోయారనీ, చంపారని ఎవరూ అనలేదనీ.

"ఎవురు చెప్పినారు? ఆఫీసోల్లా, తమ్ముడా?"

"ఆయనే."

"ఆయప్ప గొంతు ఎట్లుండింది?"

ఆలోచించి చెప్పాను. "భయపడినట్టు ఉంది. ఏడ్చినట్టు లేదు."

ఆమె అబాయా తీసి మడిచి కిటికీ దగ్గర పెట్టింది. లోపలికి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. చాప మీద కూర్చుని కంచం దగ్గరకు లాక్కుంది.

"అట్లయితే తింటా," అంది. "తినకపోతే సచ్చినోని పెండ్లాం మాదిరి ఉంటా. మీ అన్న సావలా. ఇంగ రొంత కూర వెయ్."

ముద్ద తుంచుతుంటే కూర చాప మీద పడింది. అయినా అంతా తింది. మధ్యలో ఒకసారి నీళ్ళు తాగి మళ్ళీ తింది. నన్నూ వడ్డించుకోమంది. నాకు దిగలేదు. అప్పటికి నా మొగుడు క్షేమంగా ఉన్నాడు, నాకు దిగలేదు. ఆమె మొగుడు ఎక్కడున్నాడో తెలియదు, ఆమె కంచం తుడుచుకుని తింది.

పేపర్లో ఆ వార్త వారం తర్వాత వచ్చింది. చిన్నది, లోపలి పేజీలో. ఇద్దరు యూరోపియన్లను, ఇతరులను తిరుగుబాటుదార్లు ఎత్తుకెళ్ళారని ఉంది. వాళ్ళిద్దరి దేశాలూ, ఊళ్ళూ, వయసులూ రాశారు. అక్క చదివి వినిపించమంది. వినిపించాను.

"ఇతరులంటే మీ అన్నేనా?"

"అవును అక్కా."

"ఒక్కడే గదా ఉండేది. ఇతరులని ఎందుకు రాసినారు?"

ఒకవేళ ఇంకెవరైనా ఉన్నారేమో అన్నాను. తోడున్నారంటే ఆమెకు కొంచెం బాగుంటుందని అన్నాను గానీ నాకేం తెలుసు. మామా వాళ్ళ ఇంట్లో రాత్రి అరబ్బీ వార్తలు వచ్చేటప్పుడు అక్కను కూడా వచ్చి నేల మీద కూర్చోనిచ్చేవాళ్ళట. ఆ దేశం పేరు వస్తే మామా చేయి పట్టుకుని చూపించేదట. చూస్తే పెద్దపెద్దవాళ్ళు విమానం దిగి ఒకరినొకరు కావిలించుకోవడమే తప్ప అడవి గానీ ట్యాంకరు గానీ ఎప్పుడూ చూపించలేదు. ఓపిక పట్టమని, సబర్ అని మామా అనేదట. సబర్ కాక ఇంకేం ఉంది మే నా దగ్గర అనేది అక్క.

శుక్రవారాలు ఆమె రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా తినేది, నేను ఎక్కువ వడ్డిస్తే కోప్పడేది. చేతుల నిండా మట్టిగాజులు వేసుకుని వచ్చేది. ఒకసారి కంపెనీ మెస్సులో వంట చేసే కడప పెద్దాయన ఒకరు ఇంకో ఇద్దరితో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఎన్నాళ్ళైనా కబురు లేదు కదమ్మా, ఊళ్ళో పిల్లల తృప్తికైనా ఒక ఫాతిహా చదివించు అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఫాతిహా చదివించేది పోయినవాళ్ళ పేరు మీద.

"ఎవురి పేరున చదివించమంటావు చిన్నాయనా?" అంది అక్క. "నీ పేరునా?"

వచ్చినవాళ్ళలో ఒకతను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన టీ తాగకుండానే లేచాడు. వాళ్ళు వెళ్ళాక అక్క వంటింట్లో నిలబడి చాలాసేపు కుళాయి తిప్పి వదిలేసింది. నేను లోపలికి పోలేదు.

పని ఆపేసి కంపెనీ మిగతావాళ్ళను వెనక్కి తెప్పించింది. మా ఆయన వచ్చిన రోజు పాప ఆయన్ను గుర్తుపట్టక నా కొంగులో దాక్కుంది. చిక్కిపోయాడు. నేను ఆయన చేయి వదల్లేదు. వంటచేస్తూ కూడా మధ్యలో వచ్చి కూర్చున్నాడా అని చూసి వెళ్ళాను. ఆ సంతోషమంతా శుక్రవారం వస్తుందనగానే బిగుసుకుపోయింది. అక్క ముఖం ఎలా చూడాలో ఆయనకూ తెలియలేదు, పొద్దున్నుంచి తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు.

ఆమె వచ్చి, "చిక్కిపోయినావు తమ్ముడూ," అని ముందు ఆయన్నే పలకరించింది. తర్వాత జరిగింది చెప్పమంది.

మా ఆయన తల దించుకుని చెప్పాడు. అన్న రోజూ నదినుంచి క్యాంపుకు నీళ్ళు తెచ్చేవాడు. దారిలో ఒక మలుపు దగ్గర పల్లె ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటే బండి ఆపి పట్టించేవాడు. భాష రాకపోయినా వాళ్ళతో ఏదో మాట్లాడి నవ్వించేవాడు. తర్వాత సైన్యం ఆ రోడ్డు మీద ఒక తనిఖీ పోస్టు పెట్టింది. వాళ్ళకూ నీళ్ళు కావాలన్నారు. ఇవ్వకపోతే క్యాంపుకు డీజిల్ రానివ్వరు. అన్న బండి వాళ్ళకు కూడా నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. కాపలా అని చెప్పి ఇద్దరు సైనికులు తుపాకులతో ట్యాంకరు మీద కూర్చునేవాళ్ళు. అప్పటినుంచి ఆ మలుపు దగ్గరకు ఎవరూ రాలేదు. డబ్బాలు లేవు, మనుషులు లేరు. ఒక సాయంత్రం అన్న ఇంజన్ కట్టేసి దిగి, ఇది బాగలేదు తమ్ముడూ, మనల్ని చూసి ఆడోల్లు దాక్కుంటాండారు అన్నాడట. క్యాంపులో ఉన్న పెద్ద ఇంజనీరుతో చెప్పారు. ఆయన సైన్యం కెప్టెన్‌తో మాట్లాడతానన్నాడు. మాట్లాడేలోపలే ఇది జరిగిపోయింది. ట్యాంకరు మీది సైనికులిద్దరూ ఆరోజు కాల్పుల్లో చనిపోయారు. బండిలో అన్న కూర్చునే చోట రక్తం ఏమీ లేదు, తాను చూశానని మా ఆయన రెండుసార్లు చెప్పాడు.

తల ఎత్తకుండానే అన్నాడు, "ఆ పొద్దున పంపు పట్టేసింటే నేనే విప్పి సరిచేసి ఇచ్చినా అక్కా. ఒక పూట ఆలస్యం చేసుంటే పోయేది కాదు ఆ బండి."

"అది పోకపోతే ఇంగో బండి ఇచ్చి పంపుంటారు. మీ అన్న ఏ బండిచ్చినా తోలుతాడు, అది ఆయప్ప పని. ఇది నీ పని." అక్క పాపను ఒళ్ళోకి తీసుకుంది. "ఆ ఆడోల్లను నవ్వించేవాడంటివి గదా. వాల్లలో ఎవురైనా చెప్పుంటారులే, వీడు మాకు నీళ్ళు పోసినోడు అని."

మా ఆయన అవునన్నాడు. నేనూ అవునన్నాను. ఇద్దరం ఆమె ముఖంలోకి చూడకుండానే అన్నాం.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో నాకు విడివిడిగా గుర్తులేదు. పాపకు తట్టు పోసింది. వేసవి వచ్చింది, ఏసీ చెడిపోయింది. యూరోపియన్లిద్దరినీ వదిలేశారని పేపర్లో ఫోటోతో సహా వచ్చింది. వాళ్ళ ప్రభుత్వాలు మాట్లాడాయట. ఆ ఫోటోలో వెనక నిలబడ్డవాళ్ళలో అన్న ఉన్నాడేమో అని నేనూ మా ఆయనా భూతద్దం పెట్టి చూశాం. అక్కకు చూపించలేదు. ఆమె ఆ శుక్రవారం వచ్చి, మామా చూపించిందిలే మే, దాచుకోవద్దు అంది.

వేసవి చివర్లో యార్డు మేనేజరు మమ్మల్ని రమ్మన్నాడు. ఆయన పాలస్తీనా ఇంజనీరు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అక్కనూ నన్నూ కూర్చోబెట్టి ముందుగా ఒకే మాట అన్నాడు, బతికే ఉన్నాడు, ఖలాస్, ఇక దిగులు తీరింది అని. అరబ్బీలో ఆయన ఏమన్నాడో నేను చెప్పేదాకా అక్క ఆగలేదు. ఆమెకు అర్థమయింది. కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. తిరుగుబాటుదార్లు అన్నను వారాల తరబడి నడిపించి తూర్పు సరిహద్దు దాటించి అక్కడ ఒక సహాయ శిబిరం దగ్గర వదిలేశారట. ఆ శిబిరంవాళ్ళు మన రాయబార కార్యాలయానికి చెప్పారట. బొంబాయి విమానం ఎక్కించారట.

"బొంబాయికెందుకు?" అని నేనే అడిగాను.

మేనేజరు కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే ఇఖామా చెల్లదు. అడవిలో ఎవరో పట్టి ఉంచారని రాసే గడి ఆ కాగితంలో లేదు. మళ్ళీ కొత్త వీసా తీయాలి, ఎప్పుడవుతుందో చెప్పలేనన్నాడు. తన తమ్ముడు కూడా ఇలాగే ఒక దేశానికి తిరిగి వెళ్ళలేక ఇంకో దేశంలో ఉండిపోయాడని ఎందుకో చెప్పాడు.

"తుపాకులోల్లు వదిలినారు," అంది అక్క. "ఈల్లు రానీరా?"

తిరుగు బస్సులో ఆమె చాలా నెమ్మదిగా ఉంది. తాను ఇక్కడే ఉంటానంది. ఇద్దరూ అక్కడ కూర్చుంటే ఇల్లెట్లా నడుస్తుంది, ఆయప్ప పిల్లలను చూసుకుంటాడు, నేను పని చూసుకుంటా, రెండేండ్లకు సెలవు మీద పోతాలే అంది. ఇంత కాలం ఆయన బతికుంటే చాలని కదా అనుకున్నది, ఇంకేం అడిగేదానికి మొగం ల్యా అంది. నేను తలూపాను. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

బొంబాయిలోని కంపెనీ ఏజెంటు ఆఫీసునుంచి అన్నతో ఫోన్ మాట్లాడిస్తామన్నారు. మళ్ళీ అర్దియా వెళ్ళాం. మేనేజరు తన బల్ల మీది ఫోన్ అక్క ముందుకు జరిపి, తాను బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఫోన్ మోగింది. అక్క రిసీవర్ చెవికి పెట్టుకుని విని, ముఖం చిట్లించింది.

"ఎవురు?" అంది. మళ్ళీ విని, "ఎవురు మాట్లాడేది?" అంది.

రిసీవర్‌కు చేయి అడ్డం పెట్టి నాతో అంది, "ఇది మీ అన్న గొంతు కాదు మే. ఎవురో పెద్దాయన మాదిరుండాడు."

పొరపాటు మనిషిని ఎక్కించారేమో, ఇతరులు అని రాసినవాళ్ళు ఇంకెవరినో పంపించారేమో అని క్షణంలో ఏవేవో వచ్చేశాయి. అక్క మాత్రం ఫోన్ పెట్టేయలేదు.

"పెండ్లినాడు నువ్వు తొడుక్కున్న కోటు ఎవురిది?" అని అడిగింది.

అవతలనుంచి సన్నగా ఏదో వినిపించింది. నాకు మాటలు తెలియలేదు.

"చేతులు ఎట్లుండె?"

మళ్ళీ ఏదో అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"మా చిన్నాయన కోటే," అంది నావైపు తిరగకుండా. "చేతులు పొట్టి." తర్వాత రిసీవర్లోకి, "అంత మెల్లగా మాట్లాడతావేంది, ఎవురన్నా ఇంటారనా? ఈడ ఎవురూ లేరు. గట్టిగా మాట్లాడు."

అతను గట్టిగా మాట్లాడలేదు. ఆమె రిసీవర్‌ను చెవికి ఇంకా అదిమింది. అతనేదో చాలాసేపు చెప్పాడు. ఆమె ఊ అంది, ఊ అంది. ఉన్నట్టుండి వీపు నిటారుగా చేసి కూర్చుంది.

"నన్ను ఈడ్నే ఉండమని చెప్పేదానికి నువ్వెవురు?" అంది. "ఉండాల్నో పోవాల్నో నాకు తెల్దా? రాత్రిపూట నిద్ర పడ్తాందా నీకు? లైటు ఎందుకు ఆర్పరు మీరు? ... సరే, ఆర్పొద్దులే. ఆర్పొద్దని చెప్పు నీ గదిలో పండుకునే ఆ పిల్లోల్లకు. ... దగ్గుతాండావు. నాకినపడ్లేదనుకుంటాండావా?"

తర్వాత మాటలు లేవు. ఆమె వింటూ ఉంది, అతను అక్కడ ఉన్నాడు, అంతే. లైను దానంతట అదే తెగిపోయింది. ఆమె రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుని ఎలా పెట్టాలో తెలియనట్టు చూస్తే నేను తీసి పెట్టాను.

"ఏరోప్లేన్ టికెట్ యాడ అమ్ముతారు మే?" అంది.

ఇఖామా సంగతీ, ఇల్లు గడవడం సంగతీ ఎత్తబోయాను. బస్సులో ఆమె నాకు చెప్పిన మాటలే ఆమెకు చెప్పబోయాను. పాస్‌పోర్టు మామా దగ్గర ఉంది కదా అని మాత్రం అన్నాను.

"అడుగుతా."

"మధ్యలో పోతానంటే ఇస్తుందా అక్కా? ఇంకో పనిమనిషి దొరికిందాకా ఆగమంటే?"

"ఆగమంటే ఆగుతా. ఇచ్చిందాకా అడుగుతా," అని లేచింది. అబాయా సర్దుకుంది. తలుపు బయట మేనేజరు ఆమెకు దారిచ్చి పక్కకు జరిగాడు. ఆమె యార్డులోని ఇంజన్ల మధ్యనుంచి రోడ్డు వైపు నడిచింది, నేను పాపను ఎత్తుకుని వెనకే పరుగుపెట్టాను. మామా ఇవ్వదేమో, ఇవ్వకపోతే ఎలా, ఈలోపు అతనికి ఏమన్నా అయితే ఎలా అని నా లోపల ఒకటే గొడవ. ఆమె అప్పటికే బస్సు కోసం చేయెత్తి నిలబడి ఉంది.